ఆ జాలీ ఎవరిది?

అందరికీ నమస్కారం. నేను డ్రైనేజీ పనుల్లో చాలా ఏళ్ళు తిరిగినవాణ్ణి, అంచేత మాటల్లో ఎక్కడైనా కాస్త బురద అంటుకుని ఉంటే సర్దుకోండి. పెద్ద తుపాను వచ్చి ఊరంతా మునిగితే అది వేరే కథ. నేను చెప్పబోయేది అరగంట గట్టిగా వాన కొడితే చాలు మోకాటి లోతు నీళ్ళు చేరే ఆ ఒక్క మలుపు గురించి. అదెక్కడో అందరికీ తెలుసు. బండి ఆగిపోయి నెట్టుకుంటూ పోయేవాడికి తెలుసు, ట్రాఫిక్ పోలీసుకి తెలుసు, ఆఫీసులో ఫైలుకి కూడా తెలుసు. అయినా మళ్ళీ ఏడాది అక్కడే నీళ్ళు.

ముందు చిన్న లెక్క. 100 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డు ముక్క తీసుకోండి. గంటకి 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ముక్క మీదే గంటలో 50,000 లీటర్లు పడతాయి, అంటే సెకనుకి దాదాపు 14 లీటర్లు. ఇది రోడ్డు మీద పడిందే. అటూ ఇటూ మేడల మీద నుంచి, సిమెంటు చేసేసిన ఆవరణల్లోంచి వచ్చేది దీనికి అదనం. మట్టి నేల కొంత తాగుతుంది, సిమెంటు దాదాపు పడ్డదంతా వదిలేస్తుంది. రోడ్డు కింద వాననీటి పైపు వేసిన రోజున చుట్టూ ఖాళీ స్థలాలు ఉండేవి. పైపు అదే ఉంది, స్థలాలే లేవు.

పెద్ద పైపు వేస్తే పోలా అంటారు. వేస్తే లాభమే, అదే వాలులో వ్యాసం రెట్టింపు చేస్తే ఆరు రెట్లకి పైగా నీళ్ళు పోతాయి. కాకపోతే ఆ పైపు చివర ఏముందో కూడా చూడాలి కదా. వాగులోనో నదిలోనో నీటిమట్టం పైపు నోటికన్నా పైకి లేస్తే లోపలి నీళ్ళు బయటికి పోవు, పైగా బయటి నీళ్ళే వెనక్కి ఎక్కి వస్తాయి. అలా రాకుండా నోటి దగ్గర రేకు తలుపు పెడతారు, వాగు పొంగితే అది మూసుకుంటుంది. అప్పుడు పంపుతో తోడడమే దిక్కు. ఆ పంపుకి కరెంటు ఇచ్చేది ఇంకో శాఖ, జోరు వానలో ముందు పోయేది ఆ కరెంటే!

ఇక జాలీ దగ్గరికి వద్దాం, అదే, రోడ్డు మీది నీళ్ళు డ్రెయిన్‌లోకి దిగే కంతల మూత, నాకు బాగా ఇష్టమైన చోటు. వాన పడుతుండగా వెళ్లి చూస్తే, ఆకులు, కవర్లు కలిసి దాని మీద చాపలా పరుచుకుని ఉంటాయి. కర్రతో పక్కకి లాగితే ఒక్కోసారి గుడగుడమని సుడి తిరుగుతూ పది నిమిషాల్లో రోడ్డు ఖాళీ అవుతుంది. ఒక్కోసారి లాగినా నీళ్ళు కదలవు. అంటే ఇసుక పట్టడానికని జాలీ కింద కట్టిన గుంట నిండిపోయి, ఇసుక పైపులోకి దిగిందన్నమాట. ఇంకో రకం ఉంది. పాత తారు గీకకుండా పొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు వాలు మారిపోతుంది. నీళ్ళు నాలుగు బారల అవతల మడుగు కడతాయి, జాలీ మాత్రం పొడిగా కూర్చుని చూస్తుంటుంది. రోడ్డు వేసినాయనకి బిల్లు వచ్చేసి ఉంటుంది, అది వేరే సంగతి.

ఒక కూడలి సంగతి చెప్తాను. వరసగా మూడేళ్ళు వానలకి ముందే పూడిక తీయించాం, ఫొటోలు తీశాం, మూడేళ్ళూ నీళ్ళు నిలిచాయి. చివరికి విసుగొచ్చి పైపులోకి కెమెరా పంపాం. కొద్ది దూరం పోగానే తెర మీద అడ్డంగా ఒక గొట్టం! కేబుల్ కోసం ఎవరో భూమిలో తొలుచుకుంటూ పోతూ మా డ్రెయిన్‌ని ఈ గోడ నుంచి ఆ గోడకి పొడిచేశారు. దానికి గుడ్డలు, చెట్ల వేర్లు చుట్టుకుని గడ్డి మోపులా తయారైంది. ఆ గొట్టం మాదని ఒప్పుకునేవాళ్ళు లేరు. దాన్ని పక్కకి జరపడానికి పట్టింది రెండు రాత్రులు, దానికి ముందు నడిచిన ఉత్తరాలు ఐదు నెలలు.

నా బాధంతా అక్కడే. రోడ్డు ఒకరిది, జాలీ ఒకరిది, మురుగు పైపు ఇంకొకరిది, వాగు వేరొకరిది. ఇది మన దగ్గరే అనుకోకండి. 2007లో ఇంగ్లండులో వరదలొచ్చినప్పుడు హల్ నగరంలో వేల ఇళ్ళు మునిగాయి, నది పొంగి కాదు, వాన నీరు పోయే దారి లేక. ప్రభుత్వం విచారణకి నియమించిన మైఖేల్ పిట్ 2008లో 92 సిఫార్సులతో నివేదిక ఇచ్చారు, 2010లో చట్టం వచ్చింది. దాని ప్రకారం వరద వచ్చాక స్థానిక సంస్థ అవసరమనుకున్న మేరకు విచారించి, ఎవరి బాధ్యత ఏమిటో, వాళ్ళు ఏం చేశారో, చేయబోతున్నారో బయటపెట్టాలి. ముంపు మీద గట్టి ప్రభావం చూపే కట్టడాల జాబితా ఉంచుకోవాలి, ఒక్కొక్కటి ఎవరిదన్నది కూడా రాసుకోవాలి. అయితే ఎవరిచేతా పని చేయించే అధికారం ఆ విచారణకి లేదు, నివేదిక ఇచ్చి ఊరుకుంటుంది. అయినా పేరు కాగితం మీద పడితే మనిషి కొంచెం కదులుతాడు, నేను చూశాను.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. 2011 జూలై 2న అక్కడ కొన్నిచోట్ల రెండు మూడు గంటల్లోనే 150 మిల్లీమీటర్ల దాకా కురిసింది. మరుసటి ఏడాది ప్రణాళిక చేశారు, దాన్నిబట్టి తర్వాత దాదాపు 300 పనులు పెట్టుకున్నారు. అంత వానని పైపుల్లో పట్టించలేం, కాబట్టి నీళ్ళు ఎక్కడ నిలవాలో మనమే నిర్ణయిద్దాం అనుకున్నారు. కొన్ని పార్కులు పల్లంగా చేశారు, కొన్ని వీధులు జోరు వానప్పుడు కాలువలయ్యేలా వాలు పెట్టారు. నగరపాలక సంస్థ, నీటి సంస్థ కలిసి ఒకే పటం ముందు కూర్చున్నాయి. నాకు అన్నిటికన్నా అసూయగా ఉన్నది ఆ పటమే.

మీరు చేయగలిగింది కూడా ఉంది. ఫిర్యాదులో "నీళ్ళు నిలిచాయి" అని రాసి వదిలేయకండి. ఎన్ని గంటలకి, ఎంత లోతు, వాన ఆగాక ఎంతసేపటికి పోయాయో రాయండి. మ్యాన్‌హోల్‌లోంచి నీళ్ళు పైకి ఉబుకుతున్నాయా, జాలీలోకి దిగడం లేదా అన్నది తప్పకుండా రాయండి. ఉబుకుతుంటే చాలాసార్లు అడ్డు దిగువన ఉంటుంది, దిగకపోతే జబ్బు అక్కడే ఉండొచ్చు. వానలోనే ఫొటో తీయండి, కానీ దూరం నుంచి. ఎవరైనా సరే మ్యాన్‌హోల్ మూత తీయొద్దు, నీళ్ళ కింద తెరిచి ఉన్న మూత కనపడదు, వెనకొచ్చేవాడు అందులో పడతాడు.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు వరసలో రోడ్ల శాఖ ఆయన, నీటి శాఖ ఆయన పక్కపక్కనే కూర్చున్నారు, ఇందాకే పరిచయమయ్యారట. మొదటి ప్రశ్న వాళ్ళిద్దరికీ కలిపి అడిగితే బాగుంటుంది.