టైటానిక్ పట్టికను ఇక పక్కన పెట్టండి

అధ్యక్షులవారికి, ప్రిన్సిపాల్‌గారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు వందనాలు. పేరుపేరునా చెప్పాల్సినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, మన్నించాలి.

చిన్న క్రైస్తవ కళాశాల చదువు డేటా సైన్స్ ఉద్యోగానికి, అంటే సమాచార పట్టికల్లోంచి అంచనాలు తీసే పనికి, ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఇవాళ్టి అంశం. ఇలాంటి సభల్లో సంభావ్యత లెక్కలకు పేరుపడ్డ థామస్ బేయిస్ పేరు తప్పకుండా వస్తుంది. ఆయన పాస్టరు. 1761లో ఆయన పోయాక, సంభావ్యత మీద రాసిపెట్టిన వ్యాసాన్ని 1763లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ముందుకు తెచ్చిన రిచర్డ్ ప్రైస్ కూడా పాస్టరే. చప్పట్లు కొట్టండి, సంతోషం. అయితే ఆ మాట చెబితే ఇంటర్వ్యూలో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

ఉద్యోగానికి పనికొచ్చేది వేరే ఉంది. క్లాసులో పదిహేనుమందే ఉంటే, మీరు రాసిన ప్రతి పేజీ మాస్టారు చదువుతారు. "ఈ మాట ఏ ఆధారంతో అన్నావు?" అని అడుగుతారు, తప్పించుకోలేరు. లేఖన భాగాన్నైనా చరిత్ర పత్రాన్నైనా ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఏది వదిలేశారు అని చదవడం మీకు అలవాటే. అదే ప్రశ్న పట్టికలోని కాలమ్‌కు వేయాలి.

2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. అమెరికాలో అదనపు వైద్య సంరక్షణ ఎవరికి అవసరమో ఎంచడానికి వాడుతున్న అల్గారిథం జబ్బు తీవ్రతకు బదులు వైద్యానికయ్యే ఖర్చును అంచనా వేసేది. అంతే జబ్బున్న నల్లజాతి రోగుల మీద తక్కువ ఖర్చవుతోంది కాబట్టి వాళ్ల స్కోరు తక్కువ వచ్చింది. ఖర్చును అది బాగానే అంచనా వేసింది. ఖర్చే జబ్బు అనుకోవడం దగ్గర వచ్చింది తంటా. సామెతల గ్రంథం హేయమన్న దొంగత్రాసును కావాలని చేస్తారనుకుంటాం. ఇది ఎవరూ కావాలని చేయనిది. నీతిశాస్త్రం పరీక్షలో మంచి మార్కులొస్తే ఇది దొరకదు. కాలమ్ తెరిచి చూస్తే దొరుకుతుంది.

ఇక అసలు ఫిర్యాదుకొస్తాను. ఇంత అలవాటు చేసి, చివరి ఏడాది ప్రాజెక్టుకు టైటానిక్ పట్టిక, అంటే మునిగిన ఆ ఓడలో ఎవరు బతికారో ఊహించమనే ప్రయాణికుల జాబితా, ఇస్తున్నారు! పోటీల కోసం పెట్టిన ఆ ఫైల్లో 891 వరుసలు. జవాబులు నెట్‌లో ఎక్కడ చూసినా ఉన్నాయి. పిల్లలు కాపీ కొట్టారని కోప్పడి ఏం లాభం, కాపీ కొట్టమనే కదా ఇచ్చాం?

సరే, అందులోనూ ఒక పాఠం ఉంది. 1,309 వరుసల పెద్ద పట్టికలో లైఫ్‌బోటు నంబరు కాలమ్ ఉంటుంది. దాన్ని ఉంచి మోడల్ కడితే, అంటే ఎవరు బతికారో ఊహించే లెక్క తయారుచేస్తే, ఫలితం అద్భుతంగా వస్తుంది. వస్తుంది మరి, పడవెక్కినవాళ్లు దాదాపు అందరూ బతికారు! జవాబు తెలిశాకే నిండే కాలమ్ అది. దీన్నే లీకేజీ అంటారు. చదువు మధ్యలో మానేసేవాళ్లను ముందే గుర్తించే మోడల్‌లో ‘టీసీ ఇచ్చిన తేదీ’ ఉంచినా ఇదే జరుగుతుంది. ప్రతి కాలమ్‌కు ఒకటే ప్రశ్న: ఊహించాల్సిన రోజున ఈ విలువ మన చేతిలో ఉందా?

కాబట్టి టైటానిక్ బదులు, చదువు మానేసేవాళ్లను ముందే గుర్తించే ప్రాజెక్టుకు మీ లైబ్రరీ రికార్డే తీసుకోండి. రాతపూర్వక అనుమతి ముందు. పేర్లు తీసేయండి, కానీ అది చాలదు. చిన్న కాలేజీలో ‘మూడో ఏడు, సంగీతం, హాస్టల్’ అంటే ఒక్కరే తేలవచ్చు. ఐదుగురికన్నా తక్కువున్న గుంపులను నివేదికలో చూపించకండి. 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా, లైబ్రేరియన్‌ను అడగండి. లైబ్రరీ పట్టికను విద్యార్థుల పట్టికతో కలిపేముందు, కలిపాక వరుసలు లెక్కపెట్టండి. 5,000 కాస్తా 5,400 అయ్యాయంటే విద్యార్థుల పట్టికలో కొందరు రెండుసార్లు ఉన్నట్టే. మోడల్‌కు నేర్పడానికి పాత ఏళ్ల వరుసలు, దాన్ని పరీక్షించడానికి చివరి ఏడాదివి వాడండి. కలగాపులగంగా విడదీస్తే రేపటి సంగతి చూసి నేటిది చెప్పినట్టవుతుంది.

96 శాతం కచ్చితత్వం అని గొప్పలు వద్దు. వెయ్యిమందిలో 40 మంది మానేస్తారనుకుందాం. ‘ఎవరూ మానేయరు’ అన్నా 96 శాతం వస్తుంది, ఒక్కరినీ పట్టుకోకుండానే. ఆ 40 మందిలో ఎందరిని పట్టుకున్నారు, అందుకు ఎందరిని అనవసరంగా పిలిచారు? ఆ రెండు అంకెలు చెప్పండి.

లోటు కూడా చెప్పాలి. చిన్న కాలేజీల్లో కోర్సులు తక్కువ. లీనియర్ ఆల్జీబ్రా, పట్టికల్లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్, కోడ్‌లో మార్పులు నమోదుచేసే సాధనం గిట్ లేకుండా బయటికెళ్తే మంచి ప్రశ్నలడిగే నిరుద్యోగులవుతారు. ఆల్జీబ్రా క్లాసులోనే నేర్చుకోండి, మిగతా రెండూ ఆ లైబ్రరీ ప్రాజెక్టులోనే పట్టుబడతాయి.

గణితం మాస్టార్లూ, మీకొక మనవి. వచ్చే ఏడాది ప్రాజెక్టుల జాబితా ఇంకా ఖరారు కాలేదు కదా. టైటానిక్ కొట్టేసి, ఆ పక్కనే లైబ్రేరియన్‌గారి సంతకానికి చోటు పెట్టండి.