కొత్త కంప్యూటర్లో డ్రైవ్ కనిపించకపోతే: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. కొత్తగా బిగించిన కంప్యూటర్లో డ్రైవ్‌లు, అంటే డేటా దాచే ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ కనిపించకపోవడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మొదటి కాల్ నరసరావుపేట నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. మా తమ్ముడి ఇంజనీరింగ్ చదువు కోసం సామాను కొని ఇంట్లోనే బిగించాను సార్. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద మదర్‌బోర్డు కంపెనీ బొమ్మ వస్తోంది. ఎస్ఎస్‌డీ మాత్రం కనిపించట్లేదు. షాపుకి తీసుకెళ్తే వాళ్ల కంప్యూటర్లో పెట్టి చూసి, బాగానే ఉందన్నారు. అయినా మార్చి ఇచ్చారు. కొత్తదీ అంతే. నాన్నేమో డబ్బులన్నీ పోయాయని...

నిపుణుడు: ఒక్క నిమిషం బాబూ. ఎక్కడ కనిపించట్లేదు? బయాస్‌లోనా, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోనా, లేక విండోస్‌లోనా?

కాలర్: బయాస్‌లోనే లేదు సార్. విండోస్ ఇంకా ఎక్కించనే లేదు.

నిపుణుడు: ఎవరైనా ముందు చూసుకోవాల్సింది ఇదే. బయాస్‌లో లేకపోతే స్లాట్, కేబుల్, బోర్డు చూడాలి. అక్కడ ఉండి విండోస్‌లో లేకపోతే అది వేరే సంగతి. నీ ప్రాసెసర్, బోర్డు ఏవి?

కాలర్: ఐ5 10400 సార్. బోర్డు బీ560. ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ, అదే బోర్డు స్లాట్‌లో గుచ్చే రకం, 500 జీబీ.

నిపుణుడు: పైన, ప్రాసెసర్ పక్కనున్న స్లాట్‌లో పెట్టావు కదూ?

కాలర్: అవును సార్! అదే వేగంగా ఉంటుందన్నారు.

నిపుణుడు: 11వ తరం ప్రాసెసర్ ఉంటేనే ఆ స్లాట్ పనిచేస్తుంది. నీ 10400 పదో తరానిది. అందులో ప్రాసెసర్ నుంచి వచ్చే పీసీఐఈ లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు, 16. అవన్నీ గ్రాఫిక్స్ కార్డుకే. 11లో 20 ఉంటాయి, ఎక్కువగా ఉన్న ఆ నాలుగూ ఈ స్లాట్‌కి. నీ దాంట్లో అది ఉత్త ఖాళీ గాడి.

కాలర్: అయితే ఎస్ఎస్‌డీ మళ్లీ మార్చాలా సార్?

నిపుణుడు: వద్దు నాయనా, చోటు మార్చు చాలు. కరెంటు ప్లగ్ తీసేసి, కింది స్లాట్‌లో కాస్త ఏటవాలుగా లోపలికంటా తొయ్యి. వదిలేస్తే దాని చివర పైకి లేచే ఉంటుంది, అది మామూలే. వేలితో మెల్లగా నొక్కి ఆ చిన్న స్క్రూ బిగించు. హీట్‌సింక్, అంటే వేడి లాగే లోహపు రేకు, ఉంటే దాని ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొర పీకెయ్. మాన్యువల్ కూడా తెరువు, కొన్ని బోర్డుల్లో కింది స్లాట్ వాడితే ఒక సాటా పోర్టు, అంటే హార్డ్ డిస్క్ కేబుల్ తగిలించే చోటు, ఆగిపోతుంది.

కాలర్: మరి ప్రాసెసర్ తప్పు కొన్నట్టా సార్? ఎస్ఎస్‌డీ పాడవలేదుగా?

నిపుణుడు: పాడవలేదు. ప్రాసెసర్ కూడా మంచిదే. ఆ మాట ఇప్పుడే నాన్నగారికి చెప్పు, ఆయన టెన్షన్ తగ్గుతుంది.

యాంకర్: తర్వాత ఖమ్మం.

కాలర్: నాలుగు టీబీ హార్డ్ డిస్క్ కొన్నానండీ. బయాస్‌లో ఉంది, విండోస్‌లో లేదు.

నిపుణుడు: కొత్తదేనా? అందులో ఏమీ లేదుగా?

కాలర్: కొత్తదేనండీ.

నిపుణుడు: అయితే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనిషియలైజ్ చేసి, అంటే డిస్క్‌ని కొత్తగా వాడకానికి సిద్ధం చేసి, జీపీటీ అనే పద్ధతి ఎంచుకోండమ్మా. ఎంబీఆర్ అనే పాత పద్ధతి పెడితే రెండు టీబీ దాటి వాడుకోలేరు. డేటా ఉన్న పాత డిస్క్‌కి ఇనిషియలైజ్ చెయ్యమనే పెట్టె తెర మీద వస్తే మాత్రం ఎవరూ నొక్కొద్దు.

యాంకర్: థాంక్యూ. అనంతపురం నుంచి, తొందరగా చెప్పండి, సమయం లేదు.

కాలర్: సార్, కొత్త కంప్యూటర్లో పాత హార్డ్ డిస్క్ పెడుతున్నాను. మా పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. కొత్త పవర్ సప్లై కేబుల్ పొట్టిదయిందని పాత సప్లై కేబుల్ తగిలించా...

నిపుణుడు: ఆగండి! స్విచ్ వేశారా?

కాలర్: ఇంకా లేదు సార్.

నిపుణుడు: వెయ్యకండి. ఆ కేబుల్ ఇప్పుడే పీకెయ్యండి. డిస్క్ వైపు కొన ఒకేలా ఉంటుంది కానీ సప్లై వైపు ఏ పిన్నులో ఎంత వోల్టేజీ వస్తుందో కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి కూడా మారిపోతుంది. అయిదు వోల్టులు రావాల్సిన చోట పన్నెండు వస్తే డిస్క్ బోర్డు అక్కడే మాడిపోతుంది. కొత్త సప్లై డబ్బాలో వచ్చిన కేబులే వాడండి. పొట్టిదైతే డిస్క్‌ని దగ్గరి అరకి మార్చండి. తర్వాత విండోస్ ఇనిషియలైజ్ చెయ్యమంటే...

కాలర్: నొక్కను సార్.

నిపుణుడు: నొక్కకండి. ఫొటోలు ఇంకో చోటికి కాపీ చేశాకే మిగతా పని.

కాలర్: కేబుల్ పీకేశాను సార్. చేతిలోనే ఉంది.

యాంకర్: థాంక్యూ అండీ. సమయం అయిపోయింది, లైన్లో ఉన్నవాళ్లు క్షమించాలి. నమస్కారం.