పెరుగు మర్చిపోయి సైకిల్ బాగుచేసి వచ్చాడు

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖ శ్రోతలకు స్వాగతం. ఈ రోజు మనతో పిల్లల మానసిక వైద్య నిపుణురాలు ఉన్నారు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య ఉండి, ఏం చెప్పినా ఎదురు తిరిగే టీనేజ్ పిల్లలున్న ఇంట్లో నవ్వు గురించి మాట్లాడుకుందాం. గాజువాక నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

తల్లి: నమస్కారమండి. మా బాబుకి పదిహేనేళ్లు, పదో తరగతి. పోయినేడాది ఏడీహెచ్‌డీ అని తేలింది, మందు వాడుతున్నాం. ఏం చెప్పినా ముందు 'చెయ్యను' అంటాడు. స్నానం చెయ్యరా అంటే చెయ్యను. పోనీ వద్దులే అంటే అప్పుడు వెళ్లి చేస్తాడు. మొన్న ఒకటి జరిగింది, నేను చేసింది తప్పా అని అడుగుదామని ఫోన్ చేశాను.

డాక్టర్: చెప్పండమ్మా.

తల్లి: రాత్రి ఎనిమిదింటికి పెరుగు ప్యాకెట్ తెమ్మని పంపాను. సందు చివరే షాపు. ముప్పావుగంటైనా రాలేదు, నాకు ఒకటే టెన్షన్. చివరికి వచ్చాడు, మోచేతుల దాకా గ్రీజు. షాపతని సైకిల్ చైన్ ఊడిపోతే బిగించాడట. పెరుగేదిరా అంటే నా మొహం చూసి, 'నేను వెళ్లింది పెరుగు కోసమా?' అన్నాడు. నిజంగానే అడిగాడండి! అరవబోయి నవ్వేశాను, ఆపుకోలేకపోయాను. మా అత్తయ్యగారేమో 'ఇలా నవ్వితే నెత్తికెక్కి కూచుంటాడు' అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డాక్టర్: మీరు నవ్వితే బాబు ఏం చేశాడు?

తల్లి: వాడూ నవ్వాడు. చేతులు కడుక్కుని మళ్లీ వెళ్లి పెరుగు తెచ్చాడు.

డాక్టర్: మీరు వెళ్లమన్నారా?

తల్లి: లేదండి, వాడే వెళ్లాడు.

డాక్టర్: అరిచి ఉంటే?

తల్లి: తలుపు ధడాల్న వేసుకునేవాడు. అన్నం కూడా తినేవాడు కాదు.

డాక్టర్: మీరు తప్పు చేయలేదమ్మా. ఒక పని మీద బయల్దేరి, దాన్ని చివరిదాకా మనసులో పట్టుకుని ఉండటం ఈ పిల్లలకు చాలా కష్టం. కళ్ల ముందు ఇంకోటి కనిపించగానే మొదటిది జారిపోతుంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో పిల్లల మెదడు స్కానింగులు పోల్చి చూశారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో మెదడు పైపొర ఎదుగుదల సుమారు మూడేళ్లు వెనకపడి కనిపించింది. ఆలోచనను, చేతలను అదుపులో పెట్టే ముందు భాగంలో ఆ తేడా ఎక్కువ. మనం ఒడ్డూ పొడుగూ చూసి పదిహేనేళ్ల పని ఆశిస్తాం. అక్కడే గొడవ మొదలవుతుంది.

ఇక 'చెయ్యను' సంగతి. పొద్దున్న లేచింది మొదలు తిట్లు తినే పిల్లాడు, మన గొంతు వినగానే తిట్టే అనుకుంటాడు. చాలాసార్లు ఆ మాటకు 'ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు' అని అర్థం. నవ్వు ఆ బిగువు సడలిస్తుంది, అప్పుడే మాట లోపలికి వెళ్తుంది. అయితే నవ్వడం వేరు, వదిలెయ్యడం వేరు. పెరుగు మాత్రం రావాల్సిందే. ఈసారి 'పెరుగు' అని చీటీ రాసి చేతిలో పెట్టండి.

తల్లి: వీడు ఫోన్ లాక్కుంటున్నాడండి... ఒరేయ్!

బాబు: హలో మేడమ్. ఆ సైకిల్‌కి చైన్ కవర్ కూడా లేదు మేడమ్, అందుకే లేటయింది. ఒక్క నిమిషం, మా ఇంట్లో నంబర్ల సంగతి అమ్మ చెప్పలేదు. మా నాన్న పోర్టులో పని చేస్తారు. తుఫానుకి పోర్టులో హెచ్చరికలు ఎగరేస్తారు కదా, ఒకటో నంబరు, రెండో నంబరు అని. మా ఇంట్లోనూ అవే. అమ్మ అరవబోయే ముందు 'అమ్మా, మూడో నంబరు' అంటా. నాకు కోపం వస్తే నా నంబరు నేనే చెప్తా. పదకొండంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయినట్టు. గది తలుపు వేసుకున్నప్పుడు అది పెడతా.

డాక్టర్: (నవ్వుతూ) ఎవరు కనిపెట్టారు నాన్నా?

బాబు: నేనే. పదకొండు పెడితే అరగంట ఎవరూ తలుపు కొట్టకూడదు. అరగంట తర్వాత నేనే బయటికి రావాలి. అది అమ్మ పెట్టిన రూలు.

డాక్టర్: చాలా బాగుంది. కోపం పేలకముందే దాని పేరు చెప్పగలగడం పెద్దవాళ్లకే కష్టం. అమ్మా, ఇదే పట్టుకోండి. నంబరు చెప్పిన రోజు 'చెప్పినందుకు మంచిపని చేశావు' అనండి, అప్పటికప్పుడే. ఆలస్యంగా వచ్చే మెప్పు ఈ పిల్లలకు అంతగా పనిచేయదు.

వ్యాఖ్యాత: గోపాలపట్నం నుంచి ఇంకొకరు ఉన్నారు. చెప్పండి సార్.

తండ్రి: మేడమ్, మా అమ్మాయికి పదమూడు. ఏడీహెచ్‌డీయే. ఎగరదు, గెంతదు, కలలు కంటూ కూర్చుంటుంది.

డాక్టర్: ఆడపిల్లల్లో చాలామందికి అంతే. అల్లరి ఉండదు కాబట్టి ఎవరి కంటా పడదు.

తండ్రి: మా ఇంట్లో నేనూ సరదాగానే ఉంటాను మేడమ్. బస్సు తప్పిపోతే 'వచ్చారా మహారాణిగారూ' అంటాను. పుస్తకం పారేసుకుంటే చుట్టాల ముందు చెప్పి అందరం నవ్వుకుంటాం. ఈ మధ్య ఎదురు సమాధానాలు ఎక్కువయ్యాయి. నెల రోజులుగా అసలు మాట్లాడటమే మానేసింది.

డాక్టర్: చుట్టాల ముందు నవ్వినప్పుడు తను నవ్వుతుందా?

తండ్రి: ...లేదు మేడమ్.

డాక్టర్: అది వెటకారం అండి. ఇందాకటి అబ్బాయి తల్లితో కలిసి నవ్వాడు. మీ పాపను చూసి మీరందరూ నవ్వుతున్నారు. కావాలని చేయని తప్పుకి నలుగురిలో నవ్వులపాలైతే ఏ పిల్ల అయినా ఎదురు తిరుగుతుంది, లేదా నోరు మూసుకుంటుంది. రెండోది నాకు ఎక్కువ భయం. తిండి, నిద్ర ఎలా ఉన్నాయి? చచ్చిపోతాననే మాట ఎప్పుడైనా వచ్చిందా?

తండ్రి: లేదు మేడమ్. తింటుంది, నిద్రపోతుంది.

డాక్టర్: సరే. అయినా నెల రోజుల మౌనాన్ని వదిలెయ్యొద్దు, వైద్యం చేస్తున్నవాళ్లకి ఈ వారమే చూపించండి. వింటున్నవాళ్లకి కూడా చెప్తున్నాను. తనను తాను గాయపరచుకోవడం, చావు మాట, ఇంట్లో కొట్టడం, వీటి దగ్గర నవ్వుకి చోటు లేదు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ ఉంది, నంబరు 14416, ఉచితం, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆరు నెలలు దాటినా చిరాకు, ఎదురు తిరగడం తగ్గకపోతే దాన్ని విడిగా పరీక్ష చేయించాలి.

తండ్రి: పాపకి నేనేం చెప్పాలి మేడమ్? పక్క గదిలోనే ఉంది.

డాక్టర్: 'అందరి ముందు నవ్వడం నాదే తప్పు, ఇంక నవ్వను' అనండి. అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. బదులు చెప్పకపోయినా కాసేపు పక్కన కూర్చోండి.

తండ్రి: సరే మేడమ్. ఫోన్ పెట్టేస్తున్నాను, ఇప్పుడే వెళ్తాను.