చర్చా వేదిక: వెస్ట్ బ్యాంక్‌లో ఊరు దాటాలంటే

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రొఫెసర్ గారూ, బెత్లెహెం పేరు క్రిస్మస్ పుణ్యమా అని మనవాళ్లందరికీ తెలుసు. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని ఊరది. అక్కడి పాలస్తీనా మనిషి అదే వెస్ట్ బ్యాంక్‌లో ఉత్తరాన ఉన్న రామల్లా వెళ్లాలంటే ఎలా?

ప్రొఫెసర్: మధ్యలో జెరూసలేం ఉందండి. ఇజ్రాయెల్ ఇచ్చే అనుమతి పత్రం లేనిదే అందులోంచి పోనివ్వరు. తూర్పుగా వాదీ నార్ లోయ మీదుగా ఘాట్ రోడ్డు పట్టుకోవాలి. ఆ దారిలో ‘కంటైనర్’ అనే చెక్‌పోస్టు ఉంది. దాన్ని మూశారంటే వెస్ట్ బ్యాంక్‌లో దక్షిణాదికీ ఉత్తరాదికీ దాదాపు సంబంధం తెగినట్లే.

విలేకరి: నన్నడిగితే చుట్టు తిరగడం కూడా పెద్ద బాధ కాదు. ఈరోజు గంటలో చేరతామా, నాలుగు గంటలు పడుతుందా, అసలు చేరతామా అన్నది ఎవరూ చెప్పలేరు, అదీ బాధ. బయల్దేరే ముందు ఫోనులో టెలిగ్రామ్ గ్రూపులు చూసుకుంటారు: ఏ ‘హాజిజ్’ (అరబిక్‌లో చెక్‌పోస్టు) తెరిచారు, ఎక్కడ బారులు తీరారు అని. 2025 ఆరంభంలో ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల కార్యాలయం లెక్కపెడితే 849 అడ్డంకులు తేలాయి. అన్నిచోట్లా సైనికులు ఉండరు. కొన్ని ఉత్త మట్టిదిబ్బలు, తాళం వేసిన ఇనుప గేట్లు. బతిమాలుకోవడానికైనా అక్కడ మనిషి ఉండడు.

మాజీ దౌత్యవేత్త: ఒక్క మాట. రెండో ఇంతిఫాదాలో, అంటే 2000లో మొదలైన పాలస్తీనియన్ల తిరుగుబాటులో, బస్సుల్లో, హోటళ్లలో ఆత్మాహుతి దాడులకు వందల మంది ఇజ్రాయెలీలు చనిపోయారు. 2002లో ఇజ్రాయెల్ తమకూ వెస్ట్ బ్యాంక్‌కూ మధ్య గోడ మొదలుపెట్టింది ఆ భయంతోనే.

ప్రొఫెసర్: కాదనను. అయితే ఆ గోడను ఇజ్రాయెల్‌కూ వెస్ట్ బ్యాంక్‌కూ మధ్య ఉన్న 1949 నాటి కాల్పుల విరమణ రేఖ మీద కట్టుకోవాల్సింది. నిర్ణయించిన మార్గంలో సుమారు 85 శాతం వెస్ట్ బ్యాంక్ లోపలే ఉంది. రైతు ఇల్లు ఇటు, ఆలివ్ తోట అటు. అంతర్జాతీయ న్యాయస్థానం 2004లోనే తప్పుపట్టింది.

మాజీ దౌత్యవేత్త: అది సలహా అభిప్రాయం మాత్రమే.

ప్రొఫెసర్: సలహాయే. తోట మాత్రం ఇప్పటికీ అటే ఉంది.

వ్యాఖ్యాత: వైద్యం సంగతి?

విలేకరి: క్యాన్సర్‌కు రేడియేషన్ కావాలంటే పాలస్తీనియన్లకు తూర్పు జెరూసలేంలోని అగస్టా విక్టోరియా ఆసుపత్రే దిక్కు. రోగికి ఒక అనుమతి, తోడు వెళ్లేవారికి విడిగా మరొకటి. బిడ్డకు వచ్చి తల్లికి రాకపోతే అమ్మమ్మనో నాయనమ్మనో పంపాలి. పైగా చాలాసార్లు చెక్‌పోస్టు దగ్గర అంబులెన్సు మారాలి. వెస్ట్ బ్యాంక్ బండిలోంచి స్ట్రెచర్ దించి జెరూసలేం బండిలోకి ఎక్కిస్తారు. సరుకుల లారీలకూ ఇదే పద్ధతి.

మాజీ దౌత్యవేత్త: ఇక్కడ నేను ఇజ్రాయెల్ వైపు వాదించలేను. అనుమతి ఇచ్చేముందే ఆ రోగి పూర్వాపరాలన్నీ చూశారు కదా. మళ్లీ బండి మార్పించడం ఎందుకు?

వ్యాఖ్యాత: 2007 నుంచి గాజా మీదున్న దిగ్బంధం గురించి విరామం తర్వాత.