కేకు 25న తినండి, ఆ ముందు 24 రోజులూ ముట్టుకోకండి!

వందనాలండి అందరికీ. ఈరోజు ఒకే ఒక్క మాట చెప్పడానికి కెమెరా ముందు కూర్చున్నాను. వీడియో అయ్యేలోపు ఆ మాట పదిసార్లు చెప్తాను, విసుక్కోకండి. క్రిస్మస్ కేకు మన ఆరోగ్యాన్ని పాడు చెయ్యట్లేదు. పాడు చేస్తున్నది సెమీ క్రిస్మస్ కేకు, అంటే పండక్కి ముందే జరిపే వేడుకల్లో కోసే కేకు!

ఈ వారమంతా మన ఫోన్లలో నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే. ఒకవైపు "కేకు విషం, మైదా పేగులకు బంకలా అంటుకుపోతుంది" అని భయపెట్టే రీల్స్. ఇంకోవైపు "ఏడాదికోసారి వచ్చే పండక్కి కూడా డైటేంటండీ, ప్రభువు పుట్టినరోజున నోరు కట్టుకోవాలా" అని కోప్పడేవాళ్లు. కామెంట్లలో కొట్టుకుంటున్నారు. ఇద్దరి మీదా నాకు కోపమే.

ముందు ఆ రీల్స్ సంగతి. మైదా పేగులకు అంటుకోదు. అది అబద్ధం. మైదా శుభ్రంగా అరుగుతుంది, పీచు లేదు కాబట్టి మరీ త్వరగా అరుగుతుంది. గ్లూకోజై గబగబా రక్తంలో కలుస్తుంది. షుగరున్నవాళ్లకు చిక్కు వచ్చేది ఆ వేగంతోనే. ఇంత చిన్న నిజం చెప్పడం మానేసి బంక కథలు చెప్తే, రేపు అవి అబద్ధమని తెలిసిన మనిషి అసలు జాగ్రత్తను కూడా గాలికి వదిలేస్తాడు. అలాంటి రీల్ చేసేవాళ్ల మీద నాకు కోపం అందుకే.

ఇక "ఏడాదికోసారి" అనేవాళ్లు. అన్నా, అక్కా, ఒక్కసారి గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పండి. ఏడాదికోసారేనా?

పోయిన డిసెంబరు నేను లెక్క రాసుకున్నాను. ఒకటో తారీకు సాయంత్రం నాలుగున్నరకి ఆఫీసులో మొదటి కేకు ముక్క నా చేతిలో పెట్టారు. పండక్కి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది! తర్వాత మా అపార్ట్‌మెంట్ వాళ్లది, పిల్లల స్కూలు వాళ్లది, సంఘంలో యూత్ వాళ్లది ఒకటి, స్త్రీల సమాజం వాళ్లది ఇంకొకటి, సండే స్కూలుది వేరే. మా ఆయన ఆఫీసు, మా ఆడపడుచు వాళ్ల సంఘం. ఇలాంటివన్నీ కలిపి మొత్తం పదకొండు సెమీ క్రిస్మస్‌లు. ఇవి కాక రాత్రి పదకొండింటికి క్యారల్స్ వాళ్లతో తిరిగితే ఇంటింటా టీ, ఇంటింటా కేకు. ప్రభుత్వాలు కూడా మినహాయింపేం కాదు. అక్కడ హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో విందు, ఇక్కడ విజయవాడలో సెమీ క్రిస్మస్ వేడుక. పండగను గౌరవిస్తున్నందుకు సంతోషమే. కానీ ప్రతి వేదిక మీదా ముందు కేకు కోస్తారు, ఆ తర్వాతే ఏ మాటైనా.

ఈ ముక్కలు ఒక ఎత్తు, ఇంటికొచ్చే డబ్బాలు ఇంకో ఎత్తు. పోయినేడాది మా ఇంటికి ఆరు ప్లమ్ కేకు డబ్బాలు వచ్చాయి, ఒక్కొక్కటి నాలుగు వందల గ్రాములు. మొత్తం రెండు కిలోల నాలుగు వందలు. రిచ్ ప్లమ్ కేకులో నూరు గ్రాములకు నలభై గ్రాముల దాకా చక్కెర ఉండటం మామూలే. డబ్బా వెనక సన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, తిప్పి చూడండి. అంటే మా ఫ్రిజ్ మీద దాదాపు కిలో చక్కెర కూర్చుంది. ఇంట్లో ఉన్నది నలుగురం. అటు పోతూ ఓ ముక్క, ఇటు వస్తూ ఓ ముక్క. దాన్ని ఎవరూ తినడం కింద లెక్కే వెయ్యరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది ఏమిటంటే, మనం పైనుంచి కలుపుకునే చక్కెర రోజు మొత్తం శక్తిలో పది శాతానికి లోపు ఉండాలి, ఐదు శాతానికి లోపు ఉంటే ఇంకా మంచిది. ఐదు శాతమంటే సుమారు పాతిక గ్రాములు, ఆరు చెంచాలు. యాభై గ్రాముల కేకు ముక్కలోనే ఇరవై గ్రాములు పోయాయి. పొద్దున, సాయంత్రం తాగే టీ మాటేమిటి మరి? మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చక్కెర, కొవ్వు, ఉప్పు ఎక్కువున్న తిండి తగ్గించమనే చెప్తున్నాయి. 2023లో బయటికొచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరుంది, ఇంకో పదమూడున్నర కోట్ల మంది దాని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. పది మంది కూర్చున్న ఏ సెమీ క్రిస్మస్‌లోనైనా వాళ్లలో ఒకరిద్దరు ఉంటారు. ప్లేటు అందరికీ ఒకేలా వస్తుంది.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి. ఈ వీడియో చెయ్యడానికి కారణమే అమ్మ.

అమ్మకి షుగరొచ్చి తొమ్మిదేళ్లు. జనవరి మధ్యలో మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాం. అక్టోబరులో 7.1 ఉన్నది 7.9కి ఎక్కింది. డాక్టరు గారు "పండక్కి స్వీట్లు తిన్నారా అమ్మా" అని అడిగారు. అమ్మ వెంటనే "లేదండీ, పండగ రోజు కేకు ముట్టుకోలేదు" అంది. నిజమే చెప్పింది! ఇరవై ఐదున అందరికీ వడ్డించింది, తను ఒక్క పలుకు కూడా నోట్లో వేసుకోలేదు. నేను పక్కనే ఉన్నాను, సాక్ష్యం చెప్తాను. కానీ డిసెంబరు ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా పాస్టరమ్మ గారు పెడితే ఒక ముక్క, పక్కింటి పిన్ని గారు పెడితే ఒక ముక్క, మనవడు నోట్లో పెడితే ఒక ముక్క. పండక్కి ముందంతా తిన్నది, పండగ రోజు పస్తు ఉంది. ఆ రోజు అమ్మ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. తినాల్సిన రోజున తినలేదు, వద్దనాల్సిన రోజుల్లో వద్దనలేకపోయింది.

అందుకే చెప్తున్నాను, ఇరవై ఐదున తినండి, ఆ ఇరవై నాలుగు రోజులూ మానండి!

ఇది నా సొంత పైత్యం అనుకునేవాళ్లకు ఒక పాత అధ్యయనం చెప్తాను. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అమెరికాలో 195 మంది పెద్దవాళ్లను నవంబరు మధ్య నుంచి జనవరి మొదటి రెండు వారాల దాకా తూచారు. సగటున పెరిగింది ఎంతో తెలుసా? 370 గ్రాములు. ఇంతేనా అంటారు. కానీ ఆ తర్వాత వచ్చిన వేసవిలో కూడా ఆ బరువు దిగలేదు. మరుసటి ఏడాది దాని మీద ఇంకొంచెం. అలా పదేళ్లు. ఒక్క రోజు విందుకి ఇది జరగదండీ, వారాల తరబడి నోరు ఆడుతూ ఉంటేనే జరుగుతుంది. పైగా వాళ్లకి జనవరి ఒకటితో అయిపోయింది. మనకి? కొత్త సంవత్సరం కేకు, ఆ వెనకే సంక్రాంతి అరిసెలు. పక్కింటివాళ్లు పంపిస్తే వద్దంటామా? డిసెంబరు ఒకటి నుంచి కనుమ దాకా లెక్కపెట్టండి, నలభై ఐదు రోజులు దాటుతుంది.

అరిసెలంటే గుర్తొచ్చింది. మా అమ్మమ్మ కాలంలో క్రిస్మస్ అంటే కేకు కాదు, అరిసెలు, కజ్జికాయలు, జంతికలు, గులాబీ పువ్వులు. కేరళలో తలశ్శేరిలో 1883లోనే మంబల్లి బాపు గారు క్రిస్మస్ కేకు చేశారు, ఆ కథ చాలామందికి తెలుసు. మా ఊరికి మాత్రం కేకు బాగా ఆలస్యంగా వచ్చింది. అరిసె చెయ్యాలంటే ముందురోజు రాత్రి బియ్యం నానబెట్టాలి, తడిపిండి దంచాలి, జల్లించాలి, బెల్లం పాకం సరిగ్గా ఉండకట్టేదాకా పొయ్యి దగ్గరే నిలబడాలి, ఒక్కొక్కటి వత్తాలి, వేయించి చెక్కల మధ్య నూనె పిండాలి. నలుగురు ఆడవాళ్లకి ఒక పూటంతా పని. అందుకే ఇరవై మూడున చేసేవాళ్లు, అదీ ఒక్కసారే. ఒంట్లో ఓపికే దానికి కొలత. అరిసె కేకు కన్నా ఆరోగ్యమని నేననట్లేదు, బెల్లంలో కూడా ఎక్కువ భాగం ఉండేది చక్కెరే, ఆ బెల్లం కేకుల ప్రకటనలు నమ్మి మోసపోకండి. నేను చెప్పేది ఏమిటంటే, కష్టపడి చేసుకున్న పిండివంట పండగ దాకా ఆగుతుంది. బేకరీ డబ్బాకి ఆగాల్సిన అవసరమే లేదు.

ఇంకొకటి. ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. క్రిస్మస్ ముందు రోజులు అసలు తినే రోజులే కావు! ఉపవాసం రోజులు! ఐదో శతాబ్దంలో ఫ్రాన్సులోని టూర్ నగరం బిషప్ నవంబరు 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని పెట్టారు. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఇప్పటికీ క్రిస్మస్‌కి ముందు నలభై రోజులు ఉపవాసం పాటిస్తారు. అంతదూరం ఎందుకు, పక్కన కేరళలో సిరియన్ క్రైస్తవులు డిసెంబరు ఒకటి నుంచి పాతిక రోజుల నోంబు పడతారు, మాంసం, చేప మానేసి. ఆ తర్వాత క్రిస్మస్ ఉదయం ఆరాధన నుంచి వచ్చి విందు చేసుకుంటారు. ఆ మొదటి ముద్ద ఎంత రుచిగా ఉంటుందో ఆలోచించండి! మన తెలుగు ప్రొటెస్టంటు సంఘాల్లో ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులే పాటిస్తాం, ఆడ్వెంట్‌లో, అంటే క్రిస్మస్‌కి ముందు ఎదురుచూసే వారాల్లో, కొవ్వొత్తి వెలిగిస్తాం గానీ ఉపవాసం మాట ఉండదు. ఆ ఖాళీలోకి సెమీ క్రిస్మస్ వచ్చి కూర్చుంది. ఎదురుచూడాల్సిన నెలను ముందే తినేస్తున్నాం. నా థియరీ ఇదే. ఎవరేమన్నా దీని మీదే నిలబడతాను.

మెదక్ చర్చి చూశారా మీరు? 1914లో మిషనరీ పోస్నెట్ దొరగారు మొదలుపెడితే 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనానికి పని ఇచ్చి, కూలీగా తిండి పెట్టి కట్టించిన గుడి అని అక్కడ ఇప్పటికీ చెప్తారు. ఆకలితో ఉన్నవాళ్ల కడుపు నింపడంలోంచి లేచిన గోడలవి. ఇప్పుడేమో కడుపు నిండినవాళ్లం ఒకళ్లకొకళ్లం డబ్బాలు మార్చుకుంటున్నాం. మా ఇంటికొచ్చిన డబ్బా మీ ఇంటికి, మీ ఇంటికొచ్చింది మా ఇంటికి. పోయినేడాది నేను ఇచ్చిన డబ్బానే నాలుగిళ్లు తిరిగి మాకు చేరింది, మూత మీద నా చేతిరాతతో!

మరి వద్దని ఎలా అంటాం? ఇక్కడే అందరూ పడిపోయేది. తీపి మీద ఆశతో తినేవాళ్లు తక్కువండీ. మొహమాటంతో తినేవాళ్లే ఎక్కువ. "ఒక్క ముక్కకి ఏం కాదులే" అన్న మాట దగ్గర మన నోరు మూతపడుతుంది. "షుగరుందండీ" అంటే జాలిగా చూస్తారు, "డైట్‌లో ఉన్నాను" అంటే నవ్వుతారు. నేను ఈ డిసెంబరు ఒకటే మాట అంటున్నాను. "ఇరవై ఐదున తింటానండీ, అప్పటిదాకా ఆగుతున్నాను." నమ్మండి, ఇంతవరకు ఒక్కరూ రెండోసారి బలవంతం చెయ్యలేదు. ఒక పెద్దావిడైతే "మంచిపని అమ్మా, నేను కూడా ఆగుతాను" అని చేతిలో ప్లేటు కింద పెట్టేశారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఖాళీ కడుపుతో ఏ ఫంక్షనుకీ వెళ్లకండి, ఇంట్లో కూర, పప్పుతో తిని వెళ్లండి. వచ్చిన డబ్బా సీలు విప్పకుండా పైన పెట్టేయండి, ఇరవై ఐదుకి ఒకటి చాలు. వారానికి రెండుసార్లు తూకం చూసుకోండి. ఇంగ్లండులో 272 మంది మీద ఇలాగే ఒక ప్రయోగం చేశారు, 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. తూకం చూసుకుంటూ, పండగ తిండి కరగాలంటే ఎంత నడవాలో తెలుసుకున్నవాళ్ల బరువు పెరగలేదు, మిగతావాళ్లు సగటున 370 గ్రాములు పెరిగారు. ఇక మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు నా ఉపవాసం మాటలు విని భోజనం మానెయ్యకండి, షుగరు పడిపోతుంది, ప్రమాదం. ఏం మార్చుకోవాలన్నా మీ డాక్టరు గారిని అడగండి.

సెమీ క్రిస్మస్ మానేయమని నేను చెప్పట్లేదు. పాటలు పాడుకుందాం, స్టార్ కడదాం, పిల్లల నాటిక చూద్దాం. కేకు ఒక్కటే తీసెయ్యండి, అంతే. డిసెంబరులో మనకి జామకాయలు లేవా? కమలాలు లేవా? బాపట్ల, రేపల్లె వైపు నుంచి తేగలు బుట్టలు బుట్టలుగా దిగుతాయి. ఉడికించిన తేగ నమిలి నమిలి తినాలి, నిండా పీచు, రెండు తింటే కడుపు నిండుతుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టండి, పిల్లలు ఎగబడతారు.

ఈ ఆదివారం మా సంఘంలో యూత్ వాళ్ల సెమీ క్రిస్మస్. నిన్న సాయంత్రం వెళ్లి కేకు వద్దని, రెండు బుట్టల తేగలు నేను తెస్తానని చెప్పి వచ్చాను. ముగ్గురు సరేనన్నారు, ఇద్దరు మొహం ముడుచుకున్నారు, పాస్టరు గారు "చూద్దాం" అన్నారు. ఆదివారం ఏం జరిగిందో వచ్చే వీడియోలో చెప్తాను. ఈలోపు ఈ డిసెంబరులో మీరు ఇప్పటికి ఎన్ని సెమీ క్రిస్మస్‌లకి వెళ్లారో కింద అంకె వేసి రాయండి, అబద్ధం వద్దు. అమ్మా, నువ్వు కూడా చూస్తున్నావు కదా, ఇరవై ఐదున మొదటి ముక్క నీకే పెడతాను.