తోడితే ఊరే చెలమ

శ్రోతలకు నమస్కారం.

మా గుణుపురంలో వంశధార ఒడ్డున పెరిగినవాళ్లకి చెలమ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎండాకాలం ఏరు సన్నబడ్డాక ఇసుకలో మోచేతి లోతు గుంట తీస్తే, కాసేపటికి నీరూరుతుంది. కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసుకుంటాం. తోడుతుంటే ఊరుతూనే ఉంటుంది. రెండు రోజులు ఎవరూ ముట్టుకోకపోతే ఇసుక జారి పూడిపోతుంది. చనుబాలు కూడా అచ్చం అంతే. నర్సుగా ముప్ఫై ఏళ్లు బాలింతల మంచాల పక్కన నిలబడ్డాను. ఈ ఒక్క ముక్క ఇళ్లల్లో అర్థమయ్యేలా చెప్పడానికే నా సర్వీసంతా సరిపోయింది.

ఎందుకంటే అందరూ అడిగేది ఒకటే: "సిస్టరమ్మా, పాలు పడాలంటే ఏం పెట్టాలి?"

మొన్న వేసవిలో మా వీధిలో ఒకమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చింది. అత్తవారిది టెక్కలి. బాబు పుట్టి పద్దెనిమిది రోజులైంది. వాళ్ల అమ్మ నన్ను పిలిపించింది: "గుంటడికి పాలు చాలట్లేదు, ఒకసారి వచ్చి చూడండి." వెళ్లేసరికి వంటిల్లు పెళ్లివారిల్లులా ఉంది. ఒక పొయ్యి మీద తెలగపిండి, మునగాకు కూర. ఇంకో పక్క వెల్లుల్లి వేగుతోంది. వియ్యపురాలు పొద్దున్న రైలుకి దిగి, స్టీలు క్యారేజీలో పాలసొర చేప కూర తెచ్చింది. చోడి అంబలి, అదే రాగి అంబలి, ఎలాగూ ఉంది. ఇంత చేసి, ఆ పిల్లకి రోజుకి రెండు గ్లాసుల నీళ్లే ఇస్తున్నారు. నీళ్లు తాగితే బాలింతకి ఒళ్లు నీరు పడుతుందట!

వండినవేవీ చెడ్డవి కావు. తెలగపిండిలో, చేపలో మాంసకృత్తులున్నాయి. మునగాకులో ఇనుము ఉంది, చోళ్లలో కాల్షియం ఉంది. పాలిచ్చే తల్లికి రోజూ తినేదానికంటే ఇంకో ఐదారు వందల కేలరీలు కావాలి, అంటే ఇంచుమించు ఒక పూట భోజనం ఎక్కువ. కానీ ఆ తిండి తల్లి ఒంటి బలం కోసం. మెంతులు తింటే పాలు పొంగుతాయన్న మాటకి గట్టి రుజువు లేదు. కూరలో పోపుకి వేసుకోండి, మంచిదే. చెంచాలకొద్దీ పొడి మింగించకండి, సుగరు మాత్రలు వాడేవాళ్లకి మరీను. నీళ్లు మాత్రం దాహమేసినప్పుడల్లా తాగాల్సిందే. పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ పక్కన ఒక చెంబు పెట్టండి.

ఇక ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను. మంచం అంచున వంగి కూర్చుని, చన్ను పట్టుకుని బిడ్డ నోట్లో పెట్టబోతోంది. వాడు చనుమొన కొస ఒక్కటీ పట్టుకుని నాలుగుసార్లు చప్పరించి వదిలేస్తున్నాడు. ఆమె పళ్లు బిగపట్టి, "మండిపోతోంది పిన్నీ" అంది. అప్పుడే అర్థమైంది, పాలు లేక కాదు, పట్టు కుదరక.

గోడకి ఆనుకుని కూర్చోమన్నాను. ఒళ్లో దిండు పెట్టాం. బిడ్డని పూర్తిగా తనవైపు తిప్పించాను. వాడి పొట్ట తల్లి పొట్టకి ఆనాలి, ముక్కు చనుమొనకి ఎదురుగా ఉండాలి. చనుమొనతో వాడి పైపెదవిని మెల్లగా రాయమన్నాను. ఆవలింతంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగి, అప్పుడు చటుక్కున బిడ్డనే రొమ్ము దగ్గరికి తీసుకోవాలి. మనం బిడ్డ మీదికి వంగకూడదు. గడ్డం రొమ్ముకి తగిలింది. కిందిపెదవి బయటికి తిరిగింది. చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్లింది. ముందు గబగబా చప్పరించాడు. ఒక నిమిషం గడిచింది. తర్వాత దవడ నెమ్మదించి, గుటుక్... గుటుక్. గదిలో అందరికీ వినిపించింది. వియ్యపురాలు క్యారేజీ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ నిమిషంలో పాలు చేపుకొచ్చాయన్నమాట. ఆవు చేపడం చూడనివాళ్లు మా వైపు ఉండరు. దూడ కుమ్మాలి, అప్పుడు చేపుతుంది. కొత్త మనిషి కనిపిస్తే ఎగచేపుతుంది, అంటే పాలు దిగనివ్వదు. మనిషికీ అంతే. బిడ్డ చప్పరిస్తుంటే తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు వస్తాయి. ప్రొలాక్టిన్ పాలు తయారుచేయిస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని బయటికి నెడుతుంది. నొప్పి, భయం, టెన్షన్ ఈ రెండోదాన్ని అడ్డుకుంటాయి. కాబట్టి చూడ్డానికొచ్చిన చుట్టాలు మంచం పక్కన నిలబడి "నీకు పాలు లేవమ్మా" అనడం మానేస్తే, అదే సగం మందు. రొమ్ములో పాలు నిలవ ఉండిపోతే కొత్తవి తయారవడం మందగిస్తుంది. చెలమ సంగతి అదే.

మొదటి నెల రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఇవ్వాలి, గడియారం చూసి కాదు, వాడు నాలుక చాపి వెతుక్కుంటున్నప్పుడే. ఏడుపు దాకా రానివ్వొద్దు. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ, అందుకని రాత్రి పాలు మానిపించకండి. సాయంత్రాలు కొందరు పిల్లలు గంటగంటకీ అడుగుతారు. మూడో వారంలో, ఆరో వారంలో ఇది మరీ ఎక్కువ. ఈ పిల్లకి జరిగింది అదే. సాయంత్రం ఏడుస్తున్నాడని పదో రోజు నుంచి డబ్బా పాలు మొదలుపెట్టారు. కడుపు నిండితే వాడు రొమ్ము అడగడు, అడక్కపోతే పాలు తగ్గుతాయి, తగ్గాయని ఇంకో సీసా. 1992 నాటి చట్టం ప్రకారం పాలడబ్బాలకి, సీసాలకి ప్రకటనలు ఇవ్వకూడదు. రేడియోలో మీకు ఆ ప్రకటన వినపడదు. ఇరుగుపొరుగు నోటికి మాత్రం ఏ చట్టమూ లేదు.

నా సంగతీ చెప్పాలి. నా మొదటి కాన్పు ఆపరేషన్. నాకు మెలకువ వచ్చేసరికే ఆ నర్సింగ్ హోమ్‌లో బిడ్డ నోట్లో సీసా ఉంది. మూడో రోజుకీ రొమ్ములు మెత్తగానే ఉంటే, నర్సునై ఉండి నేనే ఏడ్చాను. నాలుగో రోజు పడ్డాయి. ఆపరేషన్ అయినవాళ్లకి ఒకటి రెండు రోజులు ఆలస్యమవడం మామూలే. అంతదాకా వచ్చే చిక్కటి పసుప్పచ్చ ముర్రుపాలు చెంచాడే ఉంటాయి, అప్పటికి బిడ్డకి అవి చాలు. పిండి పారబోయకండి. తేనె నాకించకండి, ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదం. ఎంత ఎండలైనా ఆరు నెలలు నీళ్లు కూడా అక్కర్లేదు, పాలల్లో నూటికి ఎనభై ఏడు వంతులు నీళ్లే.

కూలికి, ఉద్యోగానికి వెళ్లే తల్లులు శుభ్రమైన గిన్నెలోకి చేత్తో పాలు పిండి మూతపెట్టి వెళ్లొచ్చు. గదిలో నాలుగు గంటల దాకా ఉంటాయి. మరీ వేడి రోజైతే అంతకంటే ముందే పట్టేయాలి. సీసా వద్దు, మన ఉగ్గుగిన్నె ఉంది కదా.

ఇంత చేసినా పాలు నిజంగా తక్కువయ్యేవాళ్లు కొందరుంటారు. థైరాయిడ్ తేడా, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం కారణం కావచ్చు. గర్భం రాకుండా వేసుకునే కొన్ని మాత్రలూ పాలు తగ్గిస్తాయి. పాలిస్తున్నానని డాక్టరుకి చెప్పే తీసుకోండి. రెండు వారాలకీ బిడ్డ పుట్టినప్పటి బరువుకి రాకపోయినా, మందంగా పడి నిద్రపోతూ పాలకి లేవకపోయినా తెలగపిండి వండుతూ కూర్చోకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. అప్పుడు డాక్టరు డబ్బా పాలు రాస్తే అదీ తప్పు కాదు.

ఆ బాబుని అంగన్వాడీలో తూకం వేయించాం. పుట్టినప్పటి బరువు కంటే నూట యాభై గ్రాములు ఎక్కువే ఉన్నాడు. ఆ ధైర్యంతో డబ్బా పాలు ఒక్కసారిగా కాకుండా, వారం పాటు కొంచెం కొంచెం తగ్గించాం. "చాలుతున్నాయని తెలిసేదెలా పిన్నీ?" అంది ఆ పిల్ల. ఉచ్చగుడ్డలు లెక్కపెట్టమన్నాను. మొదటి వారం దాటాక రోజుకి ఆరు తడిస్తే చాలు.

పది రోజుల తర్వాత అటు వెళ్తుంటే, పెరట్లో దండెం ముందు వియ్యపురాళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. టెక్కలావిడ వేలు పెట్టి లెక్కపెడుతోంది. "ఎనిమిది" అంది. "కాదొదినా, ఒకటి నిన్నటిది" అంది ఈవిడ.