కడప నుంచి గండికోటకు ఒంటరి సైకిలు ప్రయాణం: మేకుల టెంటు రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. జనవరి చివరి వారంలో కడప నుంచి గండికోట వరకు ఒంటరిగా సైకిలు తొక్కి, ఆ రాత్రి లాడ్జి జోలికి పోకుండా ఆరుబయట టెంటు వేసుకుని పడుకున్నాను. ఆ ఒక్క రోజులో నేను వాడిన సామగ్రి గురించి, ముఖ్యంగా నా సొంత డబ్బుతో కొన్న ఒంటిమనిషి టెంటు గురించి ఈ వీడియోలో చెబుతాను. టెంటు కంపెనీ పేరు చెప్పడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయే లోపం దాని నిర్మాణ పద్ధతిలోనే ఉంది, అదే పద్ధతిలో కుట్టిన టెంట్లు చాలా పేర్లతో అమ్ముడవుతున్నాయి.

ముందు దారి సంగతి చెబుతాను. కడపలో తెల్లవారుజామునే బయలుదేరి ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా వెళ్తే నా మీటరు ప్రకారం దాదాపు 90 కిలోమీటర్లు అయింది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు ఉండడం వల్ల ఆ రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. హ్యాండిల్‌కు బిగించుకున్న చిన్న అద్దం నా సామానులో అన్నిటికన్నా చవకైనది, కానీ ఆ రోజు నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది అదే. ప్రొద్దుటూరులో ఎర్రకారం దోసెలు తిన్నాను. వాటికి రివ్యూ అక్కరలేదు.

వెనక క్యారియర్‌కు ఇరువైపులా వేలాడదీసిన సంచులలో నీళ్లతో కలిపి 13 కిలోల బరువు ఉంది. మొదటి పది కిలోమీటర్లలో పెడలు తిప్పిన ప్రతిసారీ నా కుడి మడమ సంచి మూలకు తగులుతూనే ఉంది. రోడ్డు పక్కన ఆగి, సంచి కొక్కేల మరలు వదులు చేసి నాలుగు వేళ్ల మేర వెనక్కి జరిపిన తర్వాతే ఆ బాధ తప్పింది. ఇటువంటి సంచులు కొనేవారు సంచి ఎన్ని లీటర్లదో చూసే ముందు తమ పాదాల పొడవు చూసుకోవాలి.

సాయంత్రానికి గండికోట చేరాను. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోయిన గండి మీద కట్టిన కోట కాబట్టి దానికి ఆ పేరు. లోయ అంచున ఎర్రటి రాతిపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్లుంటాయి, అడుగున పెన్నా నీళ్లు కనిపిస్తాయి. ఫోటోల్లో అందరూ ఆ అంచు మీదే టెంటు వేసినట్లు కనిపిస్తారు గానీ, చీకట్లో నిద్రమత్తుతో లేచి నాలుగడుగులు తప్పుగా వేస్తే ఏమవుతుందో అక్కడ నిలబడి కిందికి చూసిన వారికి చెప్పనక్కరలేదు. పైగా కోట పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది, లోపల బస చేయకూడదు. అందుకే వెనక్కి తిరిగి, ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక బీడు చూసుకుని, పక్క చేనులో శనగ కట్టెను కుప్ప వేస్తున్న పెద్దాయనను అడిగాను. ఆయన నన్ను, సైకిలును మార్చి మార్చి చూసి, "ఆ రాళ్ల కాడ పండుకోవద్దు నాయనా, తేళ్లుంటాయి. మా కల్లంలో పండుకో. నిప్పు మాత్రం రాజేయొద్దు" అన్నారు.

ఎండిన శనగ కుప్ప పక్కన ఆ షరతు న్యాయమైనదే. కాబట్టి నా స్పిరిట్ పొయ్యి గురించి ఈ వీడియోలో ఏమీ చెప్పలేను. జమ్మలమడుగులో కట్టించుకున్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడితో ఆ రాత్రి గడిచిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ టెంటుకు ఒకే ఒక్క కమ్మీ ఉంటుంది, అది కూడా నడుమ మాత్రమే. తలవైపు, కాళ్లవైపు తాళ్లు లాగి మేకులు దిగగొడితేనే గుడ్డ బిగుసుకుని నిలబడుతుంది. బరువు కిలోన్నర లోపే ఉండడానికి కారణం అదే, నేను దాన్ని కొన్నదీ అందుకే. అయితే కల్లం అంటే నీళ్లు చల్లి, చదును చేసి, దిమ్మిస కొట్టి, పేడతో అలికిన నేల. అల్యూమినియం మేకులు ఆరింటిలో మూడు వంకరపోయాయి, మిగిలిన మూడు రెండు వేళ్ల లోతుకు మించి దిగలేదు. చివరికి తలవైపు తాడును నూర్పిడికి వాడే రాతిగుండుకు, కాళ్లవైపు తాడును బరువుతో నిలబెట్టిన సైకిలుకు కట్టాను. రాతిగుండు కదలలేదు. అర్ధరాత్రి దాటాక గాలి తిరిగి సైకిలు పడిపోయింది, టెంటు గుడ్డ తడితడిగా నా ముఖం మీద వాలింది.

ఆ తడికి కారణం కూడా చెప్పాలి. ఇది ఒంటిపొర టెంటు. మనం వదిలే ఊపిరిలోని ఆవిరి బయటి చలికి చల్లబడ్డ గుడ్డకు తగిలి నీటి బొట్లుగా మారుతుంది. రెండు పొరల టెంటులో ఆ బొట్లు బయటి పొరకే అంటుకుని ఉంటాయి, లోపలి జాలీ మనల్ని కాపాడుతుంది. ఇందులో గాలి కోసం ఇచ్చిన రెండు కిటికీలూ ఒకే వైపున ఉండడం వల్ల అవి తెరిచినా లోపలి గాలి బయటికి పోలేదు. ఉదయం చేతిరుమాలుతో తుడిచి పిండితే నీళ్లు ధారగా కారాయి.

మన ప్రాంతంలో రాతినేల, గట్టినేల ఎక్కువ. ఇక్కడ సైకిలు మీద తిరిగేవారు అరకిలో బరువు పెరిగినా సరే, రెండు కమ్మీలు అడ్డంగా దాటుతూ మేకులు లేకుండానే నిలబడే రెండు పొరల టెంటునే కొనాలని నా అభిప్రాయం. ఇసుక నేలలో, మెత్తటి గడ్డిలో దిగేవారికి నా టెంటు బాగానే ఉండవచ్చు. వంకరపోయిన మేకుల స్థానంలో ఇనుప మేకులు కొంటే సరిపోదా అని కొందరు అడగవచ్చు. ఆరు ఇనుప మేకులు, ఒక సుత్తి మోసేటప్పుడు తేలిక టెంటు కొన్న ప్రయోజనం ఏముంటుంది?

ఉదయం సామాను సర్దుతుంటే పెద్దాయన వచ్చారు. ముందు టైర్లు చూసుకోమన్నారు. చూస్తే కల్లానికి వచ్చే బాటలో గుచ్చుకున్న పల్లేరు కాయలు వెనక టైరుకు ఐదు ఉన్నాయి. నాలుగు పైపైనే ఉన్నాయి, ఐదోది పీకగానే గాలి బుస్సుమంది. నేను పంక్చరు వేసుకుంటుండగా ఆయన మడత పెట్టిన టెంటును ఒక చేత్తో ఎత్తి చూసి ఎంత పెట్టి కొన్నావని అడిగారు. నేను సగం ధరే చెప్పాను.

"ఆ డబ్బుకు మేకపిల్ల వచ్చేది గదా నాయనా" అన్నారాయన.